ఐదో గదిలో క్లారినెట్

మనిషి ఒక బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతాడో నన్నడగండి. పదకొండు సెకన్లు. అందులో ఏడు సెకన్లు పక్కనున్న చీటీ చదవడానికి, నాలుగు బొమ్మ చూడడానికి. పందొమ్మిదేళ్లుగా ఈ గ్యాలరీ ఐదో గదిలో మూల కుర్చీలో కూర్చుని చూస్తున్నదాన్ని, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? మొదట్లో గోడ గడియారం చూసి లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు మనిషి గుమ్మంలో అడుగుపెట్టిన తీరు చూసే చెప్పేస్తాను, ఈయన ఎనిమిది సెకన్ల మనిషి, ఈవిడ చీటీ కూడా చదవదు, ఫోటో తీసుకుని పోతుంది అని.

మా ఉద్యోగానికి మాటలు పెద్దగా అక్కర్లేదు. "గీత దాటకండి", "ముట్టుకోకండి", "బాత్రూమ్ కింద". ఈ మూడూ వస్తే చాలు, ఎవరైనా చెయ్యొచ్చు. ఇక్కడ మాకు పేర్లు కూడా ఉండవు. మూడో గదిలో కూర్చునే ఆయన మూడో గది, నేను ఐదో గది. మూడో గది కూతురి పెళ్లికి వెళ్లినప్పుడు కూడా మా ఆయనకి "ఈయనే మూడో గది" అని పరిచయం చేశాను. ఆ పెళ్లిలో క్లారినెట్ మా ఆయనదే కాబట్టి ఊదుతూనే తలూపారు.

మా ఆయన బ్యాండు మాస్టరు. పెళ్లిళ్లకీ, చావులకీ, కొత్త షాపులు తెరిచేటప్పుడూ ఐదుగురిని వెంటేసుకుని వెళ్లి వాయించి వస్తారు. ఆ పాటలన్నీ జనానివి. ఆయన సొంతపాట ఒకటుంది. ఇరవై మూడో ఏట కట్టుకున్నారట, పాటని. నన్ను ఆ తర్వాత ఏడాది. దానికి మాటల్లేవు, ఒట్టి క్లారినెట్టే. పావుగంట ఉంటుందంటారు. "అంటారు" అని ఎందుకన్నానంటే దాన్ని చివరిదాకా విన్న ప్రాణి ఈ భూమ్మీద లేదు. పెళ్లిలో జనం కాస్త కుదురుకున్నారు కదా అని మొదలుపెడితే, ఐదు నిమిషాలకల్లా పెళ్లికూతురి మేనమామ ఎవడో వచ్చి "ఏంటి మాస్టారూ ఈ ఏడుపు, హుషారైంది వేయండి" అంటాడు. చావు దగ్గర మొదలుపెడితే శవాన్ని ఎత్తే వేళవుతుంది. షాపు దగ్గరైతే రిబ్బను కత్తిరించడం ఎంతలో పని.

ఇంట్లో వాయించుకోవచ్చు కదా అంటారేమో. ఇంట్లో నేనున్నాను. పాలు పొంగుతుంటాయి, నీళ్ల మోటారు ఆపాలి, ఫోను మోగుతుంది. ఇరవై నాలుగేళ్లలో ఆ పాట మొదటి సగం వెయ్యిసార్లు విని ఉంటాను. సగం దగ్గర ఒక మెలిక ఉంది. స్వరం పైకెళ్లి, అక్కడ కాసేపు తచ్చాడి, తర్వాత మెల్లగా మెట్లు దిగుతుంది. సరిగ్గా అక్కడే నాకేదో పని గుర్తొస్తుంది. "చివర్లో ఉందే అసలు సంగతి" అంటారు ఆయన ప్రతిసారీ. "వస్తున్నా, ఉండండి" అంటాను వంటింట్లోంచి. ఒక్కసారీ వెళ్లిన పాపాన పోలేదు.

ఇలా రోజులు గడుస్తుండగా మా గ్యాలరీకి కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. మొదటి మీటింగులోనే చేతులు రెండూ చాచి, "ఈ గోడలు చచ్చిపోయి ఉన్నాయి. వీటికి మనం ప్రాణం పోయాలి" అంది. మూడో గది నా వైపు వంగి, "ముందు ఆ లిఫ్టుకి పొయ్యమనండి, నాలుగు నెలలైంది" అన్నాడు. ప్రాణం పోయడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. ప్రతి శనివారం పొద్దున గదుల్లో సంగీతం, నాట్యం. స్టేజీ ఉండదు, కుర్చీలుండవు. బొమ్మల మధ్యే వాయిస్తారు, ఆడతారు. చూసేవాళ్లు మామూలుగా తిరుగుతుంటారు. "కళకీ కళకీ మధ్యనున్న గోడని పడగొట్టేస్తాం" అంది. ఆ గోడలకి చెమ్మ పట్టకుండా ఇన్నేళ్లు కాపలా కాసినదాన్ని, నాకు ఒళ్లు మండింది.

మూడో గదికి ఒక నాట్యం చేసే అమ్మాయి కుదిరింది. ఐదో గదికి సంగీతం కావాలంది డైరెక్టరమ్మ. "బాగా చదువుకున్న సంగీతం వద్దు. పచ్చిగా, వీధిలోంచి నేరుగా లోపలికి వచ్చినట్టుండాలి" అంది.

నా నోరు ఊరుకుంటుందా. "మా ఆయన క్లారినెట్ వాయిస్తారు మేడమ్" అన్నాను.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"పెళ్లిళ్లలోనే మేడమ్. చావుల్లో కూడా."

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా" అంది. వచ్చి రెండు వారాలు కాలేదు ఆవిడ.

ఇంటికెళ్లి చెప్తే మా ఆయన వెంటనే సంతోషపడలేదు. పెళ్లిళ్ల మనిషి కదా, ముందు షరతులు అడిగారు.

"అక్కడ జనం మాట్లాడుకోరా?"

"మాట్లాడితే మేం ఊరుకోం."

"తిండి?"

"లోపలికి మంచినీళ్లు కూడా తేనివ్వం."

"మరి పిల్లలు ఏడిస్తే?"

"బయటికి తీసుకుపొమ్మంటాం."

ఆయన క్లారినెట్ ముక్కలు విప్పి గుడ్డతో తుడిచారు. తర్వాత, "అయితే నా పాట చివరిదాకా వాయించొచ్చన్నమాట" అన్నారు. యాభై దగ్గర పడుతున్న మనిషి ముఖం అలా వెలిగిపోతుంటే, ఆ పదకొండు సెకన్ల సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే శనివారం వచ్చేసింది.

శనివారం పొద్దున ఐదో గది గోడకి ఒక కొత్త చీటీ అతికించారు. డైరెక్టరమ్మ స్వయంగా రాసింది. "క్లారినెట్ వాద్యకారుడు. నల్ల కర్ర, గాలి, మనిషి. ఐదు అడుగుల నాలుగు అంగుళాలు." దాని కింద నేల మీద తెల్ల టేపుతో ఒక చతురస్రం గీశారు, మా ఆయన అందులో నిలబడాలి. బొమ్మలకి ఉన్నట్టే ఆయన ముందు కూడా ఒక గీత, దాటకూడదని. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చి, చీటీని రెండుసార్లు చదివారు.

"నేను ఐదడుగుల ఐదున్నర" అన్నారు.

"ఇప్పుడు అదొక్కటే తక్కువైంది. వెళ్లి నిలబడండి" అన్నాను.

ముందు మూడో గదిలో జరిగిన ముచ్చట, నేను తర్వాత అందరి నోటా విన్నది, చెప్పాలి, లేకపోతే జనమంతా అటెందుకు పోయారో మీకు అర్థం కాదు. ఆ నాట్యం చేసే అమ్మాయి సన్నగా, చురుగ్గా ఉంది. ఒట్టికాళ్లతో గది ఈ మూల నించి ఆ మూలకి పరుగుతీసి గాల్లోకి లేచింది. లేచిన కాలు గీత దాటింది. మూడో గదికి ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఆ అమ్మాయి నాట్యం చేస్తుందని వారం నించీ తెలుసు, కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. అయినా కాలు గీత దాటేసరికి ఒళ్లు ఊరుకోలేదు. చటుక్కున లేచి, "అమ్మా, గీత దాటకండి" అన్నాడు.

ఆ అమ్మాయి ఆగలేదు. గిర్రున తిరుగుతూ పెద్ద సముద్రం బొమ్మ దగ్గరికి వచ్చింది. ఇతను ఆవిడకీ బొమ్మకీ మధ్య దూరి చేతులు బార్లా చాపాడు. ఆవిడ ఎడమకి వంగితే ఇతనూ ఎడమకి వంగాడు. ఆవిడ వెనక్కి వాలితే, తల ఎక్కడ ఫ్రేముకి తగులుతుందో అని రెండు చేతులూ వెనక పట్టాడు. ముట్టుకోకుండానే పట్టాడు, ముట్టుకోకూడదన్నది రూలు కదా. యూనిఫారమూ, మెడలో ఐడీ కార్డూ, బానపొట్టా వేసుకుని ఆ మనిషి గదంతా ఆవిడ చుట్టూ గింగిరాలు తిరిగాడు. జనం ఊపిరి బిగబట్టి చూశారు. ఇద్దరూ కలిసి నెలల తరబడి సాధన చేశారనుకున్నారు. అయిపోయాక చప్పట్లు ఎంత గట్టిగా మోగాయంటే, ఐదో గదిలోకి కూడా వినబడ్డాయి. మర్నాడు పేపర్లో "యూనిఫారం ధరించిన ఆ ఆకారం అధికారానికి ప్రతీక" అని రాశారు. ఆ ముక్క కత్తిరించి ఇప్పటికీ పర్సులో పెట్టుకు తిరుగుతున్నాడు ప్రతీకగారు.

ఇక నా గదిలో సంగతి. వచ్చారు, రాలేదనను. ముగ్గురొకసారి, ఇద్దరొకసారి. గుమ్మంలోకి రాగానే మా ఆయన మొదలుపెట్టేవారు. వాళ్లు చీటీ దగ్గరికి వెళ్లి ఏడు సెకన్లు చదివేవాళ్లు. "నల్ల కర్ర, గాలి, మనిషి" అని ఒకరికొకరు చదివి చెప్పుకుని మెచ్చుకునేవాళ్లు. తర్వాత మా ఆయన్ని నాలుగు సెకన్లు చూసి, పక్కనున్న పళ్లబుట్ట బొమ్మకి వెళ్లిపోయేవాళ్లు. ఒకావిడ కళ్లజోడు పైకి తోసి ఆయన వేళ్ల మీదికి వంగి, గోళ్లు పరీక్షగా చూసింది. ఒక జంట ఆయనకి వీపు తిప్పి సెల్ఫీ తీసుకున్నారు. సూటు వేసుకున్న ఒకాయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఇది అమ్మకానికి ఉందా?" అని అడిగాడు.

"క్లారినెట్టా, మనిషా?" అన్నాను.

"మొత్తం" అన్నాడు.

"ఇరవై నాలుగేళ్ల కిందటే అమ్ముడుపోయిందండీ" అన్నాను. అతనికి అర్థం కాలేదు. చీటీ మళ్లీ ఒకసారి చదివి వెళ్లాడు.

పన్నెండయ్యేసరికి ఆ పాట తొమ్మిదిసార్లు మొదలైంది. ఒక్కసారి కూడా మెలిక దాటలేదు. అక్కడిదాకా నిలబడ్డవాళ్లు కూడా, స్వరం పైకెళ్లి తచ్చాడుతుండగా చేతి గడియారం చూసుకుని, మెల్లగా మడమ తిప్పి గుమ్మం వైపు నడిచేవాళ్లు. ఆ మడమ తిప్పడం చూస్తుంటే నాకు చెంప మీద కొట్టినట్టయింది. అచ్చం నేనే అది. ఇరవై నాలుగేళ్లు నేను వంటింట్లోకి వెళ్లింది అలాగే. పరాయివాళ్ల మీద కోపం తెచ్చుకుందామంటే ముందు నా మొహమే కనబడుతోంది.

గది ఖాళీ అయ్యాక మా ఆయన క్లారినెట్ దించి, పెదవులు తుడుచుకున్నారు. కోపం లేదు ఆయన ముఖంలో. ఉంటే బాగుండేది.

"పోనీలేవే. పెళ్లిలో అయితే కనీసం హుషారైంది వేయమని అడుగుతారు. వీళ్లకి అదీ అక్కర్లేదు" అన్నారు. "ఇంకొక్కసారి వాయించి ఇంటికెళ్లిపోదాం."

అప్పుడే మూడో గదిలో రెండో ఆట అయిపోయింది. చప్పట్లు ఆగాయి, జనం ఇటు కదిలారు. ఐదో గది చివరిది, దానికి ఒకటే తలుపు. ఒక్కొక్కరే లోపలికొచ్చారు. లెక్కపెట్టాను, పదిహేడు మంది. చీటీ వైపు నడుస్తున్నారు. నేను కుర్చీలోంచి లేచి, తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఆలోచించి చేశానని చెప్పను. కాళ్లూ చేతులూ వాటంతటవే చేసుకుపోయాయి.

"ఏమైందండీ?" అంది ఒకావిడ.

"లెక్కలో తేడా వచ్చింది. గదిలో బొమ్మలు లెక్క తేలేదాకా ఎవరూ బయటికి వెళ్లడానికి లేదు. రూలు" అన్నాను. రూలు నిజంగానే ఉంది. పందొమ్మిదేళ్లలో ఎవరూ వాడలేదు, అంతే.

"ఎంతసేపు పడుతుంది?"

"పావుగంట."

గదిలో ఉన్నవి తొమ్మిది బొమ్మలు. తొమ్మిదింటిని పావుగంటసేపు లెక్కపెట్టడం మాటలు కాదు, కావాలంటే ప్రయత్నించి చూడండి. ఒక్కో ఫ్రేము దగ్గర ఆగి, కాగితం మీద టిక్కు పెట్టి, అనుమానంగా తల పంకించి, మళ్లీ మొదటికొచ్చేదాన్ని. జనం సణిగారు. ఒకాయన ఎవరికో ఫోను చేయబోయాడు. ఈ లోపల మా ఆయన నా వైపు చూశారు. మూసిన తలుపు చూశారు. విషయం అర్థమై, ఒక్క క్షణం భయపడి, క్లారినెట్ నోట పెట్టుకున్నారు.

ఎటూ వెళ్లే వీలు లేకపోతే మనుషులు ఎంత మంచి శ్రోతలవుతారో చెప్పలేను. మూడు నిమిషాలకి సణుగుడు ఆగింది. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆయన్ని చూసి మరి నలుగురు కూర్చున్నారు. ఒక గర్భిణి నిలబడలేక ఆయాసపడుతుంటే నా కుర్చీ ఇచ్చాను. మెలిక వచ్చింది. స్వరం పైకెళ్లి తచ్చాడింది. ఎవరూ మడమ తిప్పలేదు, తిప్పినా పోయేదెక్కడికి. మెట్లు దిగడం మొదలైంది, నేను కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

ఆ రెండో సగం ఎలా ఉందో నాకు చెప్పడం రాదు. మొదటి సగంలో మా ఆయన కనబడతారు, ఆ ఇస్త్రీ చొక్కా, ఆ మర్యాద. రెండో సగంలో నేను చూడని మనిషెవరో ఉన్నాడు. కాస్త మొండివాడు, కాస్త దిగులు మనిషి. నా ఇంట్లో ఇన్నాళ్లూ ఈయన ఎక్కడ కూర్చున్నాడా అనిపించి నాకు సిగ్గేసింది.

ఉన్నట్టుండి ఆగిపోయారు. క్లారినెట్ దించేశారు. రెండు క్షణాలు చూసి జనం చప్పట్లు కొట్టారు. బాగానే కొట్టారు, కొంత పాటకీ, కొంత తలుపు తెరుస్తారన్న ఆశకీ. నేను జేబులో తాళంచెవి కోసం చెయ్యి పెట్టాను. మా ఆయన ఆ చప్పట్లు పుచ్చుకుని నమస్కారం పెట్టేస్తే అయిపోయేది, ఒక్కరికీ తెలిసేది కాదు. నాక్కూడా.

"అయిపోలేదండీ" అన్నారు.

చప్పట్లు ఆగాయి.

"ఇక్కణ్నించి ఏంటో నాకు తెలీదు. ఎప్పుడూ ఇంతదూరం రాలేదు" అన్నారు. పెళ్లిళ్లలో మైకు పట్టుకుని గొంతు చించుకునే మనిషి, ఆ మాటలు నేలవైపు చూస్తూ అన్నారు. ఆయన్ని ఈ పదిహేడు మంది ముందు తెచ్చి నిలబెట్టి తాళం వేసింది నేనే కదా.

నేల మీద కూర్చున్న ముసలాయన చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, "తెలిసేదాకా వాయించండి బాబూ. తాళం ఎలాగూ వేసే ఉంది" అన్నాడు. గది మొత్తం నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. నవ్వి, మళ్లీ ఊదారు.

వెతికారు. నాలుగు స్వరాలు ఒకవైపు వెళ్లి, అక్కడ దారి లేక వెనక్కొచ్చారు. మరో వైపు వెళ్లారు. ఒకచోట అపస్వరం కీచుమంది, ఎవరూ నవ్వలేదు. తలుపు మీద దబదబ మోగింది. "ఐదో గదీ, తలుపు తియ్యండి. ఏం జరుగుతోంది లోపల?" డైరెక్టరమ్మ గొంతు. నేను కదిలేలోపు గర్భిణి తలుపు వైపు తిరిగి, "ఉండండమ్మా, ఆయన వాయిస్తున్నారు" అని కసిరింది. బయట నిశ్శబ్దమైపోయింది. ఆ తలుపు అవతల ఆవిడ ముఖం చూడాలని ఎంత అనిపించిందో.

చివరికి దొరికింది. పెద్దదేం కాదు. కింది స్వరాల్లో, ఊపిరి చప్పుడు కలిసిపోయి, ఐదారు స్వరాల చిన్న ముక్క. ఇంతేనా అనిపించేంత చిన్నది. అది వాయించి ఆయన ఆగారు, ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

సోమవారం నాకు మెమో వచ్చింది, సందర్శకులను నిర్బంధించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని. మంగళవారం మెమో వెనక్కి వెళ్లిపోయింది. ఎందుకంటే సందర్శకుల పుస్తకంలో ఎవరో ఒక పేజీ నిండా రాశారట, తలుపు మూసెయ్యడం ఆ ప్రదర్శనలో అన్నిటికన్నా గొప్ప ఆలోచన అని. డైరెక్టరమ్మ నన్ను తన ఆఫీసు గదికి పిలిచి, ఆ పేజీ చూపించి, "మీలో ఒక కళాకారిణి ఉందమ్మా" అంది. వచ్చే శనివారం కూడా తాళం వెయ్యాలంది. చీటీ మార్పించింది కూడా, "నల్ల కర్ర, గాలి, మనిషి, తాళం" అని. అంగుళాలు మాత్రం సరిచెయ్యలేదు. మూడో గదికి ఈ సంగతి తెలిసి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, గ్యాలరీలో ప్రతీక తనొక్కడే అనుకున్నాడు పాపం.

బుధవారం మా ఇద్దరికీ సెలవు. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని క్లారినెట్ బిగించారు. నేనూ వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. పాట మొదటినించీ వాయించి, ఆ ఆగిన చోటుకే వచ్చి, మళ్లీ ఆగారు.

"మొన్న చివర్లో ఏం వాయించాను నేను?" అన్నారు.

"మీరు వాయించి నన్నడుగుతారేంటి?"

"భయంతో వాయించాను. ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. శనివారం మళ్లీ అక్కడే నిలబడాలి."

"మరి చివర్లోనే అసలు సంగతి ఉందని ఇన్నేళ్లూ అన్నారుగా."

"ఉందనే అనుకున్నానే. ఒక్కడినే ఉన్నప్పుడు అక్కడిదాకా వాయించాలనిపించేది కాదు, ఎవరైనా వింటుంటే వాయిద్దామని దాచుకున్నా. అక్కడిదాకా వెళ్తే కదా, లేదని తెలిసేది" అన్నారు.

నిందగా అనలేదు. నిందగా అంటే దెబ్బలాడేదాన్ని, నాకది బాగా వచ్చు. గొంతు సవరించుకుని, ఆ చివరి ముక్క పాడాను. నాకు పాడడం రాదు, పాడిందీ ఎప్పుడూ లేదు. అయినా మొత్తం వచ్చేసింది, ఊపిరి చప్పుడుతో సహా. ఆయన బిత్తరపోయి నా వంక చూసి, కాగితం తీసుకున్నారు.

"మళ్లీ అను" అన్నారు. అన్నాను. ఒక్కో స్వరం క్లారినెట్ మీద చూసుకుంటూ రాసుకున్నారు. ఆఖరి స్వరం దగ్గర నాకు అనుమానం వచ్చింది, అది కిందికి దిగిందా, అక్కడే నిలబడిపోయిందా అని. ఆయన పెన్ను పట్టుకుని నా నోటి వంకే చూస్తున్నారు.

దిగిందనే చెప్పాను. అలాగే రాసుకున్నారు.